చెక్కు మీద ‘అండ్ కో’

ధాన్యం అమ్మిన సొమ్ముకు వ్యాపారి ఇచ్చిన చెక్కును ఒకసారి పరిశీలించండి. కొన్ని చెక్కులపై ఎడమవైపు పైమూలన ఏటవాలుగా రెండు గీతలు, వాటి నడుమ ‘అండ్ కో’ అన్న ఆంగ్లాక్షరాలు కనిపిస్తాయి. ఇది ఏ కంపెనీ పేరో, సొమ్ము కోసం అక్కడికి వెళ్ళవలసి ఉంటుందేమో అని సందేహపడే ఖాతాదారులు ఉన్నారు. అటువంటి కంపెనీ ఏదీ లేదు.

‘కో’ అనునది ‘కంపెనీ’ అను పదానికి పొట్టిరూపం. దాని మూలం లాటిన్ భాషలో ఉన్నది. ‘కోమ్’ అనగా కూడి, ‘పానిస్’ అనగా రొట్టె. ఒకే రొట్టెను పంచుకొని తినేవారు, మన మాటలో సహపంక్తివారు, అని భావం. కలిసి వ్యాపారం చేసేవారికి తరువాత అదే పేరయింది. మన ఊళ్ళలో ‘ఫలానావాడు అండ్ కో’ అని వేళాకోళం చేయడంలోనూ ఆ పాత అర్థమే ధ్వనిస్తుంది!

ఇది చెక్కు మీదికి లండన్ నుండి వచ్చింది. 18వ శతాబ్దంలో అక్కడి బ్యాంకులు చాలావరకు భాగస్వామ్య సంస్థలు. పేర్ల చివర ‘అండ్ కో’ ఉండేది. వాటి గుమాస్తాలు ఒకచోట చేరి చెక్కులు మార్చుకొనేటప్పుడు, వసూలు చేసే బ్యాంకు ఏదో తెలిసేందుకు చెక్కుపై అడ్డంగా దాని పేరు రాసేవారు. క్రమంగా చెక్కు ఇచ్చేవారే ఆ పని చేయసాగారు. సొమ్ము పుచ్చుకొనేవారి బ్యాంకు ఏదో తెలియనప్పుడు పేరుకు చోటు విడిచి, చివరి ‘అండ్ కో’ మాత్రం రాసేవారు. ఆ తోక అలాగే నిలిచిపోయింది.

మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 123వ సెక్షన్, ఈ మాటను గుర్తించింది గాని తప్పనిసరి చేయలేదు. రెండు గీతలుంటే చాలు. ఆ చెక్కుకు కౌంటరు వద్ద నగదు ఇవ్వరు, బ్యాంకు ద్వారానే వసూలు కావాలి. గీతలు లేని చెక్కు చేతికి వస్తే మీరే గీసుకొనవచ్చు.

అయితే ‘అండ్ కో’ ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండరాదు. ‘బేరర్’ అన్న మాట కొట్టివేయని చెక్కు దారిలో పోతే, దొరికినవాడు దానిని తన ఖాతాలో వేసుకొనే ప్రమాదం ఉన్నది. సొమ్ము ఎవరి ఖాతాకు చేరినదో ఆచూకీ దొరకడమే గీతల వలన మిగిలే మేలు. కనుక ‘బేరర్’ను కొట్టివేయించి, గీతల నడుమ ‘అకౌంట్ పేయీ’ అని రాయించుకోండి. ఈ మాట 1881 చట్టంలో లేదు, వాడుకలో వచ్చింది. అయినా అటువంటి చెక్కును పేరున్న వ్యక్తి ఖాతాలోనే జమ చేయాలని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయి.

డీలర్లు మరొకటి గమనించగలరు. దుకాణం పేరు చివర ‘అండ్ కో’ ఉన్నంత మాత్రాన అది లిమిటెడ్ కంపెనీ కాజాలదు. అది సాధారణ భాగస్వామ్య సంస్థ అయితే, సంస్థ బాకీకి భాగస్వాములు తమ సొంత ఆస్తితో సహా బాధ్యులవుతారు.