ఆత్మ చిరునామా: గుండెనా, మెదడా?

అయస్కాంతానికి ఆత్మ ఉందన్నాడట థేలీజ్. ఇనుమును కదిలిస్తోంది కాబట్టి ఉండే తీరాలని క్రీ.పూ. 6వ శతాబ్దపు ఈ మిలీటస్ తత్త్వవేత్త వాదన. బతకడం, కదలడం, ఆలోచించడం అన్నీ ఆత్మ పనులేనని ప్రాచీన గ్రీకులు అనుకునేవారు. అందుకే అది ఒంట్లో ఎక్కడుందన్న ప్రశ్న తత్త్వవేత్తలతో పాటు వైద్యులనూ పట్టుకుంది.

ప్లేటో ఆత్మను మూడు భాగాలు చేశాడు. 'టిమేయస్'లో వివేకానికి తల, పౌరుషానికి రొమ్ము, ఆకలిదప్పులకు పొట్ట కేటాయించాడు. కింది భాగాల మలినం తలకు అంటకుండా మధ్యలో మెడ ఉందట!

శిష్యుడు అరిస్టాటిల్ ఇందుకు ఒప్పుకోలేదు. ఆత్మ శరీరంలో కాపురముండే వేరే వస్తువు కాదన్నాడు. కన్నే ఒక ప్రాణి అయితే చూపే దాని ఆత్మ. చూపు పోతే అది పేరుకే కన్ను. అయినా ఇంద్రియాలన్నిటికీ కేంద్రం గుండేనని నమ్మాడు. పొదిగిన కోడిగుడ్డును పగలగొడితే 3 రోజులకే నెత్తుటి చుక్కలా కొట్టుకుంటూ గుండె కనిపిస్తుందని రాశాడు. మెదడు మాత్రం గుండె వేడిని చల్లార్చే అవయవమని తేల్చేశాడు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా వైద్యులు హీరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ మనిషి శవాలను కోసి, నాడులు మెదడుతో కలిసి ఉన్నాయని గమనించారు. స్టోయిక్ తత్త్వవేత్తలు మాత్రం పట్టు విడవలేదు. మాట రొమ్ములోంచి వస్తోంది, మాటకు మూలం ఆలోచన, కాబట్టి ఆలోచనా అక్కడే ఉండాలన్నారు.

ఈ వాదాన్ని క్రీ.శ. 2వ శతాబ్దంలో రోములో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు నలుగురి ముందూ పరీక్షకు పెట్టాడు. బతికున్న పందిని కట్టేసి, అది అరుస్తుండగా మెడ కోసి, స్వరపేటికకు వెళ్లే సన్నటి నాడులను దారంతో బిగించాడు. పంది గింజుకుంటూనే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది, అరుపు మాత్రం ఠక్కున ఆగిపోయింది. గుండెను ఆయన ముట్టుకోనేలేదు. ఆ నాడులు మెదడు దగ్గర బయల్దేరి, రొమ్ములోకి దిగి, వెనక్కి మళ్లి గొంతు చేరతాయి. రొమ్ములోంచి వచ్చేది గాలి. దాన్ని గొంతుగా మార్చే ఆజ్ఞ మెదడుదన్నమాట.

అంత గట్టిగా వాదించిన గేలెనే, ఆత్మ ఏ పదార్థమో, దానికి చావుందో లేదో తనకు తెలియదని మలివయసు రచనలో ఒప్పుకున్నాడు. వైద్యం చేయడానికి ఆ సంగతి తెలియాల్సిన పనీ లేదన్నాడు. కత్తికి, దారానికి లొంగే ప్రశ్న ఏదో, లొంగనిది ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు.