చలిదేశంలో కరివేపాకు

కరివేపాకు పడనిదే మనకు పోపు పూర్తి కాదు. అందుకే అమెరికాలో స్థిరపడిన తెలుగువారు చాలామంది ఈ మొక్కను కుండీలో పెంచుకొంటారు. అయితే చికాగో వంటి చోట చలికాలమంతా దాన్ని ఆరుబయట వదిలేస్తే ఎండుపుల్లలే మిగులుతాయి. అదే పెరట్లోని పుదీనా మాత్రం వసంతం రాగానే మళ్లీ చిగురిస్తుంది! ఎందుకీ తేడా?

ఉష్ణోగ్రత సున్న డిగ్రీల సెంటిగ్రేడు కంటె దిగువకు పోయినప్పుడు, మొదట మొక్కలోని కణాల మధ్య ఉన్న నీరు గడ్డకడుతుంది. ఆ మంచు కణాలలోని నీటిని కూడా బయటికి లాగివేస్తుంది. కణాలు ముడుచుకుపోయి, వాటి చుట్టూ ఉన్న పలుచని పొరలు దెబ్బతింటాయి. మంచు కరిగాక ఆకు మెత్తబడి నల్లగా వేలాడుతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, మంచుగడ్డలు తయారయ్యే అరలో ఒక తులసి ఆకును రాత్రంతా ఉంచండి. మర్నాడు బయటికి తీసి కాసేపయ్యాక చూడండి. సంగతి మీకే తెలుస్తుంది.

చలిదేశపు మొక్కలు ముందే జాగ్రత్తపడతాయి. పగటి పొద్దు తగ్గి చలి మొదలవగానే వాటి కణాలలో చక్కెరలు పెరుగుతాయి. చక్కెర కలిసిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు కదా! పుదీనాకు మరో రక్షణ ఉంది. పైభాగం ఎండినా, నేలలో పాకే కాండం బతికి ఉంటుంది. పైన పేరుకొన్న మంచు దానికి దుప్పటిలా పనిచేస్తుంది. వెచ్చని నేలలో పుట్టిన కరివేపాకుకు ఈ విద్యలు అబ్బలేదు.

కాబట్టి రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకముందే కుండీని ఇంట్లోకి చేర్చి, ఎండ పడే దక్షిణపు కిటికీ దగ్గర ఉంచాలి. అంతటితో గండం గడిచినట్లేనా? కాదు. ఇంట్లోకి వచ్చాక చాలా మొక్కలు చచ్చిపోయేది చలివల్ల కాదు, నీటివల్ల!

చికాగోలో జూన్‌లో పగలు సుమారు 15 గంటలు. డిసెంబరులో 9 గంటలే. వెలుతురు తగ్గితే కిరణజన్య సంయోగక్రియ, బాష్పోత్సేకం రెండూ తగ్గుతాయి. వేళ్లు పీల్చే నీరూ తగ్గుతుంది. అప్పుడు కూడా వేసవిలో పోసినట్లే నీరు పోస్తే, మట్టిలో గాలి ఉండే ఖాళీలు నీటితో నిండిపోతాయి. ఆక్సిజన్ అందక వేళ్లు కుళ్లుతాయి, ఆకులు రాలుతాయి. మొక్కకు దాహం వేసిందనుకొని ఇంకా నీరు పోస్తారు!

ఆకులు రాలినంతమాత్రాన మొక్క చచ్చినట్లు కాదు. అది సుప్తావస్థలో, అంటే నిద్రలో, ఉండవచ్చు. కొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. మట్టిలో వేలు గుచ్చి, ఆరిందని తెలిశాకే నీరు పోయాలి. ఎరువు వసంతం వచ్చేదాకా వద్దు.

మన ఊళ్లలో చాలా చోట్ల నీరు గడ్డకట్టేంత చలి రాదు. కాని వేళ్లకు గాలి కావాలన్న నియమం ఇక్కడా ఒకటే. మీ ఇంటి కుండీ అడుగున నీరు పోయే రంధ్రం తెరుచుకొని ఉందో, మట్టితో పూడిపోయిందో ఇవాళే చూడండి.