పేకకట్ట గొప్పదా, బ్రహ్మాండం గొప్పదా?

"యాభై రెండు పేకముక్కల్ని కలిపితే వచ్చే వరసలు ఈ లోకంలో ఉండే పరమాణువుల కంటే ఎక్కువంట!" రాయచోటిలో టీ అంగడి ముందర ఎవరైనా ఈ మాట అంటే ఊరికే ఒప్పుకునేవాళ్ళు తక్కువ. "యాడ చదివినావప్పా?" అని ఒకరు. "ఫోన్లో వచ్చిండాది" అని జవాబు. అప్పుడు మూడోవాడు గ్లాసు కింద పెట్టి, "లోకమంటే ఏది? రాయచోటా, భూమా, బ్రహ్మాండమా?" అంటాడు. నవ్వులాటకే అడిగినా, తగువు తేలాలంటే ముందు ఆ ప్రశ్నకు జవాబు కావాలి.

లెక్క చూద్దాం. మొదటి ముక్కగా 52లో ఏదైనా రావచ్చు. రెండోదానికి 51 మిగులుతాయి, మూడోదానికి 50. ఇట్లా ఒకటి దాకా గుణించుకుంటూ పోతే 68 అంకెల సంఖ్య వస్తుంది. ఉజ్జాయింపున 8 పక్కన 67 సున్నాలు. భూమి మొత్తంలో పరమాణువులు 1 పక్కన 50 సున్నాల పాటివి. కాబట్టి లోకమంటే భూమి అయితే పేకకట్టదే గెలుపు, రాయచోటి సంగతి చెప్పనే అక్కర్లేదు. సూర్యుడిలో పరమాణువులు 1 పక్కన 57 సున్నాలు. పాలపుంతలో అట్లాంటి సూర్యుళ్ళు పదివేల కోట్లు అనుకుంటే 1 పక్కన 68 సున్నాలు. ఇక్కడ ఇద్దరూ సమఉజ్జీలు. కానీ మన చూపుకు అందగల విశ్వమంతా లెక్కేస్తే పరమాణువులు 1 పక్కన 80 సున్నాల దాకా ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. అక్కడ పేకకట్ట చిత్తు.

ఎంత చిత్తో చాలామందికి తట్టదు. 67, 80 అని పక్కపక్కన చూస్తే పరీక్షలో పదమూడు మార్కులు తగ్గినట్టే కనిపిస్తుంది. నిజానికి ఒక్కో సున్నా పదింతలు. ఒక్కో పేక వరసకు లక్ష కోట్లకు పైగా పరమాణువులు పంచినా ఇంకా మిగులుతాయి. పెద్ద సంఖ్యల మీద పుట్టే తప్పుడు వింతల్లో చాలా భాగం ఈ సున్నాల దగ్గరే పుడతాయి.

అయితే ఓడిన పక్షానికి ఒక దారి ఉంది. మనవాళ్ళు రమ్మీ ఆడేది రెండు కట్టలతో. జోకర్లను పక్కన పెట్టి, ఒకే రకం ముక్కలు రెండేసి ఉన్నాయని తగ్గించి లెక్కేసినా, 104 ముక్కల వరసలు 2 పక్కన 150 సున్నాలు దాటుతాయి. ఇప్పుడు బ్రహ్మాండం చిత్తు! రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1968లో సుప్రీంకోర్టు అన్నది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం కూడా నైపుణ్యమేనంది. ఈ సున్నాలన్నీ గుర్తుపెట్టుకోమని మాత్రం అనలేదు.

ఇలాంటి లెక్కల సరదా తెలుగువాళ్ళకు ఫోన్లతో వచ్చింది కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన 11వ శతాబ్దివాడు. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్ళకు మొత్తం ఎంతో చెప్పే పద్యం ఒకటి ఆయన పేరు మీద వాడుకలో ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పిపోలేదు. క్యాలిక్యులేటర్ లేని కాలంలో అన్ని అంకెలను ఛందస్సులో కూర్చోబెట్టినవాడి ముందు మన ఫోన్ వింతలు వెలవెలబోతాయి.

ఆ గళ్ళలో ఇట్లాగే రెట్టింపు చేసుకుంటూ బియ్యపు గింజలు పెట్టే కథ మీదా అబద్ధాలకు కొదవ లేదు. "ఆ బియ్యం పోస్తే ఇండియా తాటిచెట్టంత లోతున మునుగుతాది" అన్నారనుకోండి. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే మొత్తం బియ్యం సుమారు 36,900 కోట్ల టన్నులు. ఈనాటి లెక్కన ప్రపంచమంతా దాదాపు 700 ఏళ్ళు పండించాలి. కానీ దేశమంతా సమంగా పరిస్తే మందం 14 సెంటీమీటర్లే, జానెడైనా లేదు. సంగటి సీమలో బియ్యం ఎందుకంటారా, రాగులతో వేసుకోండి. అంగుళమైనా రాదు. అవే బియ్యపు గింజల్ని, ఒక్కోటి 6 మిల్లీమీటర్లనుకుని, వరసగా పేర్చితే మాత్రం 11 కాంతి సంవత్సరాలు దాటుతుంది. సూర్యుడు కాక మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ చుక్క దాకా పోయి తిరిగొచ్చినా గింజలు మిగులుతాయి. పరిస్తే జానెడు లేనిది పేర్చితే చుక్కలు దాటింది. వింతలు పుట్టించేవాళ్ళు ఈ రెంటిలో ఏది కావాలంటే అది చూపిస్తారు.

మనిషి కొలతకు లొంగే సంఖ్యలైతే అబద్ధం వెంటనే దొరికిపోతుంది. తాళ్ళపాక అన్నమయ్య కీర్తనలు 32 వేలని చెబుతారు. పదహారో ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా అంటే రోజుకు ఒకటికి కాస్త పైన, నమ్మొచ్చు. కోటి రాశాడంటే రోజుకు దాదాపు 350. ఎంత భక్తుడైనా ఒప్పుకోడు.

కొలతకు బొత్తిగా లొంగనిది గ్రాహమ్ సంఖ్య. అమెరికన్ గణితవేత్త రొనాల్డ్ గ్రాహమ్ పేరుతో 1980 గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. "దాన్ని తలుచుకుంటే తల బ్లాక్ హోల్ అయిపోతుందంట" అని ఒక వింత తిరుగుతుంటుంది. తలుచుకుంటే ఏమీ కాదు, మీరిప్పుడు తలుచుకున్నారు కూడా. దాని అంకెలన్నీ ఒక తలలో కుక్కగలిగితేనే ఆ ప్రమాదం. విశ్వంలోని ఒక్కో పరమాణువు మీద ఒక్కో అంకె రాసినా చోటు చాలని ఆ సంఖ్యకు చివరి అంకె మాత్రం 7 అని కచ్చితంగా తెలుసు. అది 3ని 3 ఘాతాలకు, మళ్ళీ ఆ ఘాతాలకు ఎక్కించుకుంటూ కట్టిన సంఖ్య. 3, 9, 27, 81, 243: చివరి అంకెలు 3, 9, 7, 1 అని నాలుగేసిగా తిరుగుతుంటాయి. ఘాతాన్ని 4తో భాగిస్తే 3 మిగిలిన ప్రతిసారీ చివర 7 వస్తుంది. 27ను భాగించినా 3 మిగులుతుంది, 3ని ఏ బేసి ఘాతానికి ఎక్కించి భాగించినా 3 మిగులుతుంది. సందేహముంటే అంగడి బిల్లు వెనకాల వేసి చూసుకోవచ్చు.