వెన్ను ఆపరేషన్‌లో రోబో చేసేదెంత?

ఒక డెబ్బై ఏళ్ల పెద్దాయన బజారు దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి రాగలరు. అదే మనిషి వీధి చివరి వరకు నడిస్తే మాత్రం పిక్కలు బరువెక్కి, తిమ్మిరెక్కి, ఏదో ఒక అరుగు మీద కూలబడాల్సి వస్తుంది. కాసేపు కూర్చుంటే మళ్లీ నడవగలరు. వింతగా తోచే ఈ తేడాకు కారణం కాళ్లలో లేదు, నడుములో ఉంది.

వయసు పైబడే కొద్దీ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని కోల్పోయి పలచబడతాయి. వెనుకనున్న చిన్న కీళ్లు అరిగి, అంచుల్లో ఎముక పెరుగుతుంది. పూసలను కలిపే బంధనం మందమవుతుంది. ఇవన్నీ కలిసి నరాలు దిగే నాళాన్ని ఇరుకు చేస్తాయి. ముందుకు వంగితే ఆ నాళం కాస్త తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే ముడుచుకుంటుంది. సైకిల్ మీద మనం కూర్చునేది ముందుకు వంగే కదా!

చాలామందికి మందులు, వ్యాయామంతోనే రోజు గడిచిపోతుంది. అలా కుదరనప్పుడు నరాలను నొక్కుతున్న ఎముకను, బంధనాన్ని తొలగించే ఆపరేషన్ చేస్తారు. పూస జారినా, వెన్ను వంకర తిరిగినా స్క్రూలు, కడ్డీలతో పూసలను కలిపి బిగించాల్సి రావచ్చు. రోబో ప్రధానంగా అక్కరకొచ్చేది ఈ బిగింపు పనిలోనే.

స్క్రూ వెళ్లాల్సిన దారి పెడికల్ అనే సన్నని ఎముక వంతెన. నడుము పైభాగపు పూసల్లో చాలామందికి దీని వెడల్పు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అందులో 5 నుంచి 7 మిల్లీమీటర్ల మందమున్న స్క్రూ పట్టాలి. లోపలి గోడ దాటితే నరాల గుత్తి, కింది గోడ దాటితే కాలికి పోయే నరం. గోడ దాటినా 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదని పరిగణిస్తారు.

ముందుగా సీటీ స్కాన్ మీద ఏ పూసలో ఏ కోణంలో, ఎంత పొడవు స్క్రూ వెళ్లాలో సర్జన్ కంప్యూటర్‌లో గీసుకుంటారు. ఆపరేషన్ బల్ల మీద రోగి బోర్లా పడుకోగానే వెన్ను ఒంపు మారుతుంది. అందుకే అక్కడ తీసిన ఎక్స్‌రేలతో పాత స్కాన్‌ను పూస పూసకూ సరిపోల్చుతారు. తర్వాత రోబో చేయి నిర్ణీత స్థానానికి వెళ్లి, ఒక గొట్టాన్ని సరైన కోణంలో పట్టుకుని ఆగుతుంది. వాడుకలో ఉన్న చాలా యంత్రాల్లో దాని పని అంతటితో సరి. ఆ గొట్టంలోంచి రంధ్రం చేసి, స్క్రూ బిగించేది సర్జనే.

ఇలాంటి తొలి యంత్రం స్పైన్ అసిస్ట్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2004లో. ఇజ్రాయెల్‌లో తయారైన ఆ రోబోను జర్మనీలో 60 మంది రోగుల మీద మామూలు పద్ధతితో పోల్చి చూశారు. 2012లో వెలువడిన ఫలితం చాలామంది ఊహకు విరుద్ధం. మామూలు పద్ధతిలో 93 శాతం స్క్రూలు సరిగ్గా కుదిరితే, రోబోతో 85 శాతమే కుదిరాయి. ఏటవాలు ఎముక మీద గొట్టం జారడం, యంత్రాన్ని బల్లకు బిగించిన తీరు ఇందుకు కారణమై ఉంటాయని పరిశోధకులు భావించారు. తర్వాతి తరం యంత్రాలు మెరుగయ్యాయి, ఇటీవలి విశ్లేషణల్లో గురి విషయంలో ఎక్కువగా రోబోదే పైచేయి. అయితే గురి కుదరడం వేరు, రోగి నొప్పి తగ్గడం వేరు. రెండో విషయంలో ఇంత స్పష్టమైన తేడా కనబడలేదు.

వృద్ధుల్లో ఇంకో చిక్కు ఉంది. ఎముక గుల్లబారి ఉంటే, ఎంత గురిగా బిగించిన స్క్రూ అయినా వదులు కావచ్చు. పుచ్చిన దూలానికి మేకు ఎంత నిటారుగా కొడితే ఏం లాభం? ఆపరేషన్‌కు ముందే ఎముక సాంద్రత పరీక్ష చేసి మందులు వాడటం, అవసరమైతే స్క్రూ చుట్టూ ఎముక సిమెంటు నింపడం అందుకే.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది, అసలు స్క్రూలు అవసరమా అని. స్వీడన్‌లో నరాల నాళం ఇరుకైన 50 నుంచి 80 ఏళ్ల వయసు వారు 247 మందిపై జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. వారిలో కొందరికి పూస జారిన సమస్య కూడా ఉంది. ఒత్తిడి తొలగించడంతో పాటు పూసలను బిగించిన వారికి, ఒత్తిడి మాత్రమే తొలగించిన వారికి రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. బిగించిన వారికి రక్తస్రావం, ఆసుపత్రి రోజులు మాత్రం ఎక్కువయ్యాయి. అదే సమయంలో వచ్చిన ఓ చిన్న అమెరికన్ అధ్యయనం, పూస జారిన వారికి బిగింపుతో కొంత మేలుందని చెప్పింది. కాబట్టి ఈ నిర్ణయం రోగిని బట్టి ఉంటుంది. సైకిల్ తొక్కే ఆ పెద్దాయనకు పూస జారకుండా నాళం మాత్రమే ఇరుకైతే, ఒత్తిడి తొలగించే ఆపరేషన్ సాధారణంగా సరిపోతుంది. అందులో స్క్రూలు బిగించే పనే ఉండదు.