బానెట్టు మీది గాలితూములు

సాయంకాలమున మదీనాగూడలో ముంబయి రహదారి ప్రక్కన కొంతసేపు నిలుచున్నచో ఒక వింత కనబడును. మియాపూరు నుండి చందానగరు వైపు సాగిపోవు కార్లలో ఒకే అచ్చున పోసినట్టివి ఎన్నో ఉండును. కాని ఒకదాని చక్రములు వెండివలె మెరయును, మరియొకదాని చక్రములకు నల్లని మూతలు మాత్రమే ఉండును. ఒకదాని కప్పు నలుపు, వేరొకదానికి ఆపాదమస్తకము ఒకే రంగు. ఒకదాని వెనుక చిన్న రెక్క, ఇంకొకదాని వెనుక ఏమియు లేదు. బండి ఒక్కటే, వేషములు పది, వెలలో భేదము లక్షలలో. ఈ వేషములలో ఏది బలమునకు గుర్తు, ఏది కేవలము అలంకారము? 1960 దశకమున అమెరికాలో ప్రసిద్ధికెక్కిన 'మజిల్ కారు'ల చరిత్రలో ఈ ప్రశ్నకు చక్కని సమాధానము దొరకును. మజిల్ అనగా కండ. ఒక మోస్తరు కుటుంబపు కారులో పెద్ద ఇంజనును దింపి, చూచువారికి ఆ సంగతి తెలియునట్లు పైన ముస్తాబు చేసిన బండి అన్నమాట.

బండికి చట్రము వేరు, మీది తొడుగు వేరు అను విషయము హైదరాబాదు వారికి క్రొత్తది కాదు. మదీనాగూడకు చేరువనే ఉన్న ఆల్విన్ చౌరస్తా పేరు, 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థను తలపునకు తెచ్చును. ఆ సంస్థ నేడు లేదు. వేరొకచోట తయారైన చాసిస్‌లపై వారు బస్సు బాడీలు కట్టెడివారు. నగరమున తిరిగిన రెండంతస్తుల బస్సులలో వారి చేతిపని కలదు. ఇంకను వెనుకకు పోయినచో, చౌమహల్లా ప్రాసాదమున నేడు ప్రదర్శనకుంచిన నిజాము వారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కనబడును. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఇంజనును, చట్రమును రోల్స్ రాయిస్ వారు చేయగా, గుమ్మటము వంటి కప్పును, సింహాసనము వంటి పీఠమును లండనులోని బార్కర్ సంస్థవారు అమర్చిరి. ప్రభువు కోరిక మేరకు తయారైన బండి అది. అది చేసిన ప్రయాణము కొన్ని వందల మైళ్లే.

కోరినట్లు బండిని చేయించుకొను ఈ రాజభోగమును అమెరికా కర్మాగారములు సామాన్య ఉద్యోగికి అందించినవి. అందులకు వారు కనిపెట్టిన ఉపాయము ఐచ్ఛికముల పట్టిక. మూల్యము తక్కువగానుంచి, ఇంజను, గేరుపెట్టె, రంగు, కప్పు, చక్రముల మూతలు మొదలైనవానిని విడివిడిగా పట్టికలో వేసి, కొనువానిచే గుర్తు పెట్టించెడివారు. 1964 ఏప్రిల్ 17వ తేదీన వెలువడిన ఫోర్డు మస్టాంగు ప్రారంభపు వెల 2,368 డాలర్లు. ఏడాదిలో నాలుగు లక్షలకు పైగా అమ్ముడైన ఆ బండ్లలో అచ్చముగా ఒకదానివలె మరియొకటి ఉండుట అరుదు.

ఐచ్ఛికము యొక్క అసలు మహిమ పాంటియాక్ వారి జీటీఓ కథలో ఉన్నది. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళములను మించిన ఇంజను ఉండరాదని జనరల్ మోటార్స్ సంస్థలో ఒక నియమము ఉండెను. పాంటియాక్ శాఖలో జాన్ డిలోరియన్, అతని సహచరులు 389 ఘనపు అంగుళముల ఇంజనును మధ్యతరహా 'టెంపెస్టు'లో పెట్టదలచిరి. కొత్త కారు అన్నచో పైవారి అనుమతి కావలెను. ఐచ్ఛికము అన్నచో అక్కరలేదు! కనుక 1964లో జీటీఓ ఒక కారుగా కాక, లెమాన్స్ అను కారుపై దాదాపు 296 డాలర్ల అదనపు మూటగా పుట్టెను. 5,000 అమ్ముడుపోయిన చాలుననుకొన్నచోట ఆ ఏడు 32,450 బండ్లు పోయినవి. నియమము ఊరకయే ఓడిపోయెను.

ఆ మూటలో ఏమున్నది? 325 అశ్వశక్తుల ఇంజను, గట్టి స్ప్రింగులు, రెండు పొగగొట్టములు, ఎర్రగీత టైర్లు. వీనితోబాటు బానెట్టుపై రెండు గాలితూములు. చూచినవారు ఇంజను వానిగుండ ఊపిరి పీల్చుచున్నదని భావించిరి. నిజమునకు 1964 బండిలో ఆ తూములు మూసియున్నవి! వానిగుండ గాలి చొరబడదు. మరుసటి ఏడాది తూమును తెరచి కార్బురేటరుకు గాలి నందించు సరంజామా డీలర్ల వద్ద ప్రత్యేకముగా లభించెను. ముందు రెక్కలపై బిళ్లలలో '6.5 లీటరు' అని వ్రాసిరి. 389 ఘనపు అంగుళములను లెక్కించి చూచినచో 6.4 లీటర్లకు కూడ నిండుగా రాదు. పేరు సైతము ఇటలీలోని ఫెరారీ వారి పందెపు కారు నుండి తెచ్చుకొన్నదే. ఇంత జరిగినను బండి వేగము మాత్రము బూటకము కాదు.

మరి కంటికి కనబడని సంగతి ఒకటి కలదు. ఆ వేగమును ఆపుటకు ఇచ్చినవి మామూలు డ్రమ్ము బ్రేకులు. మెరుగైన లోహపు లైనింగులు కావలెనన్న వేరుగా సొమ్ము చెల్లించవలెను. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు 1967లో గాని రాలేదు, అవియు ఐచ్ఛికములే. గీతలకు, బిళ్లలకు డబ్బు పెట్టిన కుర్రవారిలో బ్రేకులకు పెట్టినవారు ఎందరని అడుగబుద్ధి పుట్టును. మన పాఠకులకు నచ్చు మాట మరొకటి: ఆనాడు కారులో రేడియో సైతము ఐచ్ఛికమే. రెక్కపై ఏరియలు లేదనిన, యజమాని పొదుపరి అని తెలియును.

పైవేషము ప్రతిచోట అబద్ధమే అనుకొనరాదు. 1968 జీటీఓ ముందుభాగమున, క్రోమియము బంపరుకు బదులు బండి రంగుతోనే కలసిపోవు ఒక మెత్తని పదార్థమును అమర్చిరి. చిన్న దెబ్బ తగిలినచో అది లొంగి మరల తన రూపమునకు వచ్చును. 1969 డాడ్జ్ చార్జర్ డేటోనా ముక్కు ఈటెవలె మొనదేరి, వెనుక రెక్క మనిషి నడుమును దాటి లేచియుండెను. వీధిలో అది నవ్వు పుట్టించెడి ఆకారమే. కాని పందెపు మైదానమున బండిని నేలకు అదిమి పట్టునది ఆ రెక్కయే. 1970 మార్చిలో టాలడేగా మైదానమున బడ్డీ బేకర్ అట్టి కారులోనే గంటకు 200 మైళ్ల వేగమును దాటెను. ఇక అదే డాడ్జ్ వారి 'ప్లమ్ క్రేజీ' అను నేరేడుపండు రంగునకు ప్రయోజనము లేదు. అందము మాత్రమే. దానికి కొద్ది డాలర్లు అదనము.

1971 నుండి పొగ నియమములకై ఇంజనుల సత్తువ తగ్గింపబడెను. బీమా రుసుములు పెరిగినవి, 1973లో చమురు కొరత వచ్చెను. బిళ్లలు, గీతలు మిగిలినవి, కండలు కరగినవి.

నేడు ఈ పాత బండ్ల వెల విశేషముగా పెరిగినది. దానితో దొంగవేషములును పెరిగినవి. 1964, 1965 జీటీఓల చాసిస్ సంఖ్యలో 'జీటీఓ' అను జాడ లేదు, ఏలయన అది ఐచ్ఛికమే గదా. కావున సాధారణ లెమాన్స్‌కు బిళ్లలు, తూములు తగిలించి జీటీఓ అని చెప్పుట సులభము. కర్మాగారపు చిట్టా నకలు ఒక్కటే దానిని పట్టియిచ్చును. 1966లో అది ప్రత్యేక శ్రేణి అయినది, ఆ ఏటి బండ్లకు సంఖ్యయే సాక్ష్యము చెప్పుచున్నది.

మదీనాగూడలో కారు కొనబోవు గృహస్థునకు షోరూములో ఇచ్చు రకముల పట్టిక ఆ పాత ఐచ్ఛికముల పట్టికకు మనుమరాలే. అందులో మెరుపు చక్రములను, రెండు రంగుల కప్పును గూర్చిన వరుసలు తరువాత చూచుకొనవచ్చును. వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులా, డిస్కులా? గాలిసంచులు ఎన్ని? ఏ రకమున ఏ ఇంజను? ముందుగా ఈ వరుసలపై వ్రేలు పెట్టి అడుగవలెను. తరువాత బయటి దుకాణములో వేషము మార్చవచ్చునులే అని వదలివేయరాదు. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నముగా బండిని మార్చుట చెల్లదు. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ మాటనే నొక్కి చెప్పెను. రంగు మార్పించినచో ఆ సంగతిని రవాణా కార్యాలయమున నమోదు పత్రములో ఎక్కించుకొనవలెను.