మెడ పట్టేస్తే ఏం చేయాలి?



మేము ఈ హాస్టల్లో పదో తరగతి చదివే రోజుల్లో ట్రంకు పెట్టే మాకు బల్ల. నేల మీద బాసింపట్టు వేసుకుని, పెట్టె మీద పుస్తకం పెట్టుకుని, మెడ వంచి గంటల తరబడి చదివేవాళ్ళం. పబ్లిక్ పరీక్షలు పది రోజులున్నాయనగా మాలో ఒకడికి మెడ పట్టేసింది. పెన్ను పట్టుకుంటే భుజం లాగేది. "దిండు తేడా పడింది" అన్నారొకరు. "ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత తొక్కించు" అన్నారింకొకరు. వేరొకడు తల పట్టుకుని విసురుగా తిప్పాడు. నొప్పి రెట్టింపైంది.

చివరికి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు భుజం పైన ఒకచోట వేలితో నొక్కగానే వాడు కెవ్వుమన్నాడు. నొక్కింది భుజం మీద, నొప్పి పాకింది కణత దాకా! "కండ ముడి పడింది, భయం లేదు" అన్నారాయన. ఆనాడు తెలుసుకున్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మీకు చెప్పాలని ఈ వ్యాసం.

ముడి అంటే ఏమిటి?

కండరం నిజంగా తాడులా ముడి పడదు. కండరంలో సన్నని పోగులుంటాయి. పని చేసేటప్పుడు అవి బిగుసుకుంటాయి, పని అయ్యాక వదులవుతాయి. మన తల బరువు సుమారు 5 కిలోలు. తల వంచితే మెడ వెనుక కండరాలు ఆ బరువును లాగి పట్టుకోవాలి. వంచినకొద్దీ వాటి మీద భారం పెరుగుతుంది. గంటల తరబడి అలాగే ఉంటే కొన్ని పోగులు బిగిసి, వదులు కావు. బిగిసినచోట రక్తం సరిగా ఆడదు. వదులు కావడానికి కూడా కండకు శక్తి కావాలి, అది అందదు. అందుకే బిగువు అలాగే నిలిచిపోతుందని చాలామంది నిపుణుల అభిప్రాయం. దీనిపై పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి.

తడిమితే కందిగింజలా గట్టిగా తగిలే ఈ చోటును ట్రిగ్గర్ పాయింట్ అంటారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వ్యక్తిగత వైద్యురాలిగా పనిచేసిన జానెట్ ట్రావెల్, డాక్టర్ డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో దీనిపై పెద్ద గ్రంథమే రాశారు. ముడి ఒకచోట ఉంటే నొప్పి మరోచోట తెలియవచ్చు. మా మిత్రుడి కణత నొప్పి అటువంటిదే.

ఖర్చు లేని ఉపాయాలు

1. నొక్కడం: గోడకూ వీపుకూ మధ్య రబ్బరు బంతి పెట్టి, ముడి మీదికి తెచ్చి మెల్లగా ఆనుకోండి. ఓర్చుకోగలిగినంతే నొక్కాలి. అర నిమిషం నుంచి నిమిషం దాకా చాలు. ఊపిరి బిగబట్టవద్దు. వెన్నెముక మీద, మెడ ముందు భాగంలో నొక్కకూడదు.

2. కాపడం: రాళ్ళ ఉప్పు పెనం మీద వేడిచేసి గుడ్డలో మూట కట్టి 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టండి. ముందు మణికట్టు మీద వేడి చూసుకోండి. ఆటలో దెబ్బ తగిలి వాచినచోట మాత్రం మొదటి రెండు రోజులు వేడి పనికిరాదు, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాలి.

3. సాగదీయడం: చెవిని భుజం వైపు మెల్లగా వంచి 20 సెకన్లు ఉంచండి. రెండు వైపులా మూడేసి సార్లు చేయండి. మెడను విసురుగా తిప్పడం, మెటికలు విరిపించుకోవడం వద్దు.

4. అసలు మందు: అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవండి. పుస్తకం కిందకి తలను దించకుండా, పుస్తకాన్నే కంటి ఎత్తుకు తెచ్చుకోండి. ట్రంకు పెట్టె మీద రెండు పాత గైడ్లు పేర్చి, వాటికి పుస్తకం ఆనించండి. సెల్‌ఫోనుకూ ఇదే సూత్రం.

నొప్పి బిళ్ళలు అడిగి తెచ్చుకుని ఖాళీ కడుపున మింగకండి, కడుపులో పుండు పడే ప్రమాదముంది.

ఎప్పుడు దాచకూడదు?

జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, చేయి తిమ్మిరెక్కి పట్టు తప్పినా, కిందపడ్డాక మెడ నొప్పి వచ్చినా, ఛాతీ నొప్పి చేతిలోకి పాకినా వెంటనే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. అది ముడి కాకపోవచ్చు.

మా మిత్రుడు వారంలో తేరుకుని పరీక్షలన్నీ రాశాడు, పాసయ్యాడు. కానీ ఆ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా అందరికీ ఒక సంగతి తట్టింది. నాట్లు వేసి, బరువులు మోసి వచ్చిన అమ్మ రోజూ రాత్రి భుజం నొక్కుకుంటూ పడుకునేది. ఏనాడూ నొప్పి అని చెప్పలేదు. మనమూ అడగలేదు. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అడగండి. ఒక ఉప్పు మూట వేడిచేసి, మీ చేత్తో కాపడం పెట్టండి. చదివిన చదువు ముందుగా ఇంటికి ఉపయోగపడాలి కదా!