చెరువు చేపకు జ్వరమొస్తే

కూలి రేట్ల మీటింగు కోసమని ఒకనాడు పొద్దుగాలనే రామన్నపేట దగ్గరి ఒక ఊరికి పోయాను. అంతకుముందు మూడు రోజులు ఎడతెగని ముసురు. మీటింగు జరగలేదు. ఊరు ఊరంతా చెరువు కట్ట మీదే ఉన్నది. నీళ్ల మీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు, అన్నీ కలిసే చచ్చినయి. పెద్దవే ఎక్కువ.

"వైరస్ అంటనే అన్నా. మందుల షాపాయన చెప్పిండు" అన్నాడు మత్స్య సహకార సంఘం పెద్దమనిషి. ఆయన చేతిలో ఒక సంచి, అందులో పొడి పొట్లాలు. అప్పు చేసి తెచ్చినవి. పొట్లం మీద రాసింది కూడబలుక్కుని చదివాను. అది యాంటీబయాటిక్. బ్యాక్టీరియాను చంపే మందు. వైరస్ దగ్గర అది ఎందుకూ కొరగాదు. ఆ సంగతి అమ్మినవానికి తెలియదా అంటే తెలుసు. కొన్నవానికి తెలియదు. అంతే తేడా.

ఆ పొట్లాల మీద నాకు కలిగిన కోపమే నన్ను ఈ విషయం చదివించింది. చేపకు వైరస్ సోకితే ఏమవుతుంది, మందే లేకుంటే అది ఎట్లా బతుకుతుంది అని వెతుక్కుంటూ పోతే, చేప ఒంట్లో ఒక పెద్ద యుద్ధమే నడుస్తుందని తెలిసింది.

వైరస్ తనంతట తాను పెరగలేదు. అది జీవకణంలో దూరి, ఆ కణం పనిముట్లతోనే తన పిల్లలను తయారు చేయించుకుంటుంది. ఊళ్లోకి ఉత్త చేతులతో వచ్చి, మన నాగలితో మన ఎడ్లతో తన పొలం దున్నించుకునే దొర లాంటిదన్న మాట. దాన్ని లోపలికి రానీయకుండా చేపకున్న మొదటి గోడ ఒంటి మీది జిగురు. చేప చేతిలోంచి జారిపోయేది దానివల్లనే. ఆ జిగురులో క్రిములను విరగ్గొట్టే పదార్థాలు, ప్రతిరక్షకాలు ఉంటాయి. అది ఎప్పటికప్పుడు కొత్తగా ఊరుతూ, అంటుకున్న క్రిములను కడిగేస్తూ ఉంటుంది. వలలో గీరుకుపోయిన చేపకు, సంచుల్లో కుక్కి ఎత్తి పడేసిన పిల్లకు ముందు పోయేది ఈ గోడే.

గోడ దాటి వైరస్ కణంలోకి దూరిందనుకోండి. అప్పుడు జరిగేది వింత. దొంగలు పడ్డ ఇంటివాడు తాను చస్తూ కూడా కేక పెడితే, పక్కిళ్లవాళ్లు తలుపులు గడియలు బిగించుకున్నట్టు, రోగం పడ్డ కణం ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది తాకిన చుట్టుపక్కల కణాలు వైరస్‌ను అడ్డుకునే మాంసకృత్తులను తయారు చేసి పెట్టుకుంటాయి. వైరస్ వచ్చేసరికి పనిముట్లకు తాళం పడి ఉంటుంది. దీన్ని ఇంటర్‌ఫెరాన్ అంటారు. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పిండం పొరల మీద పని చేస్తూ దీన్ని కనిపెట్టారు. చేపల్లో దీని జన్యువులు బయటపడేసరికి 2003 వచ్చింది. ఆ 1957లోనే ఒడిశాలో హీరాలాల్ చౌధురి మన తెల్లచేపలకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాడు. ఇవాళ చెరువుల్లో పోసే చేపపిల్లలన్నీ ఆ పద్ధతి పుణ్యమే. ఒకే ఏడు చేపకు రెండు విధాల మేలు జరిగిందని నేననుకుంటాను.

ఇంటర్‌ఫెరాన్ చేసేది కాలయాపన. కాలయాపన అని తీసిపారేయకండి, అదే ప్రాణం నిలుపుతుంది. ఆ లోపల తెల్ల రక్తకణాలు తయారవుతాయి. మనకు రక్తకణాలు ఎముకల మూలుగలో పుడితే, చేపకు తల వెనకాల ఉండే మూత్రపిండం ముందు భాగంలో పుడతాయి. కొన్ని కణాలు రోగం పడ్డ కణాలను వెతికి చంపుతాయి. కొన్ని ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. వీటికి వారాలు పడుతుంది. నీళ్లు చల్లబడితే ఇంకా ఆలస్యం. ఎందుకంటే చేప ఒళ్లు నీళ్లెంత వేడో అంతే వేడి. బాగా చిన్న పిల్లలకైతే ఈ శక్తి ఇంకా పూర్తిగా రానే రాదు. రొయ్యకు ప్రతిరక్షకాలే లేవు. 1994, 95 ప్రాంతాల్లో కోస్తా రొయ్యల చెరువులను తెల్లమచ్చ వైరస్ అంతగా ఊడ్చిపెట్టడానికి అదీ ఒక కారణం. అప్పుల పాలైన చిన్న రైతులు ఆ దెబ్బను ఇప్పటికీ మరువలేదు.

మరి ఒంట్లో వేడే పుట్టని చేపకు జ్వరం ఎట్లా వస్తుంది? ఇదే నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. బంగారుతీగ జాతిని చంపే ఒక హెర్పెస్ వైరస్ ఉన్నది. 1998లో ఇజ్రాయెల్‌లో బయటపడి దేశాలు తిరిగింది. బెల్జియం శాస్త్రజ్ఞులు ఆ వైరస్ సోకిన చేపలను వరుస గదుల తొట్టిలో వదిలారు. ఒక కొసన 24 డిగ్రీల నీళ్లు, ఇంకో కొసన 32. మామూలుగా చల్లటి గదిలో ఉండే చేపలు, రోగం ముదరగానే వాటంతట అవే వేడి గదికి నడిచాయి. అట్లా పోయే వీలున్నవి బతికాయి. 24 డిగ్రీల దగ్గరే బంధించినవి చాలావరకు చచ్చాయి. ఒంట్లో లేని జ్వరాన్ని చేప బయట నీళ్లలో వెతుక్కుని తెచ్చుకుంటుందన్న మాట! వైరస్ కూడా తక్కువది కాదు. జ్వరం తెచ్చుకొమ్మని మెదడుకు పోయే కబురును మధ్యలోనే మింగేసే ఒక పదార్థాన్ని వదిలి, చేప కదలికను కొన్నాళ్లు ఆలస్యం చేస్తుంది. 2017లో ఇది అచ్చయింది.

ఇది చదివినప్పుడు నాకు మన చెరువులే యాదికొచ్చాయి. చెరువంటే తూము దగ్గర లోతు, శికంలో మోకాలు లోతు, ఎండకు వెచ్చబడే అంచులు. చేప తనకు కావలసిన చోటికి పోతుంది. శికం కబ్జా చేసి మట్టి పోసి ప్లాట్లు చేస్తే చేప పోయే చోటు ఏది? శికం పోతే పోయేది నీళ్లూ, పశువుల మేతే అనుకుంటున్నాం. చేప దవాఖాన కూడా పోతుందేమో. ఇది పరీక్షలో తేలిన మాట కాదు, నా ఆలోచన. మన మత్స్య కళాశాలల పిల్లలు ఎవరన్నా పరీక్షించి చూస్తే బాగుండును.

ఇన్ని ఆయుధాలున్న చేప ఎందుకు ఓడిపోతుంది? బెదిరిన చేప, ఇరుకున పడ్డ చేప ఒంట్లో కార్టిసోల్ అనే రసం పెరుగుతుంది. అది పెరిగితే తెల్లకణాల పని మందగిస్తుంది. 2016-17 నుంచి తెలంగాణలో చెరువులకు ఉచిత చేపపిల్లల పథకం మొదలయింది. మంచిదే, ముదిరాజులు, గంగపుత్రులు కొట్లాడి అడుగుతున్నదే. కానీ కాంట్రాక్టరు రాత్రంతా లారీలో మోసుకొచ్చిన సంచులను కట్ట మీది నుంచి అట్లనే నీళ్లలో కుమ్మరిస్తే సగం యుద్ధం అక్కడే ఓడినట్టు. సంచిని కట్టు విప్పకుండా పావుగంటకు తక్కువ కాకుండా చెరువు నీళ్ల మీద తేలనివ్వాలి. తరువాత చెరువు నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ, పిల్లలు వాటంతట అవే బయటికి పోయేదాకా ఆగాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, ఓపిక కావాలి. ఓపిక కాంట్రాక్టరుకు ఉండదు కాబట్టి సంఘం సభ్యులే నీళ్లలో నిలబడాలె.

వ్యాక్సిన్ల సంగతీ చెప్పాలి. చైనాలో గడ్డిచేప పిల్లలను రక్తస్రావ రోగం తుడిచిపెడుతుంటే, ఆ వైరస్ ఏదో సరిగా తెలియని రోజుల్లోనే, చచ్చిన చేపల లోపలి అవయవాలను నూరి, ఫార్మలిన్‌తో వైరస్‌ను చంపి, బతికున్న పిల్లలకు సూది వేశారు. మొరటు పద్ధతే, కానీ పని చేసింది. మన దేశంలో పండుగప్పకు వచ్చే నోడా వైరస్ మీద చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ 2022లో ఒక టీకా తెచ్చింది. మన బొచ్చెకు, రవ్వకు వాడుకలో అట్లాంటి వైరస్ టీకా ఏదీ లేదు. వాటిని ఊళ్లకు ఊళ్లు చంపిన వైరస్ కూడా ఇప్పటిదాకా మన చెరువుల్లో పేరు పొందలేదు. తిలాపియా పెంచేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. దానికొక ప్రత్యేక వైరస్ ఉన్నది, 2018లో మన దేశంలోనూ దొరికింది.

వైరస్ అన్న మాట ఎట్లా భయపెడుతుందో చెప్పడానికి ఒక పాత ముచ్చట. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకిన పుండ్ల రోగంలో కొర్రమీను ఒళ్లంతా కుళ్లిపోయింది. జనం చేప తినడం మానేశారు, జాలరి ఇంట్లో పొయ్యి వెలగలేదు. మొదట వైరస్ అనుమానం వచ్చింది. చివరికి అసలు దోషి నీళ్లలో పెరిగే ఒక బూజు జాతి అని తేలింది. చేపలను చంపే వైరస్‌లు తిన్న మనుషులకు అంటవు కూడా.

మళ్లీ ఆ చెరువు దగ్గరికి వద్దాం. వైరస్ సాధారణంగా ఒక జాతినో దాని చుట్టాలనో పడుతుంది, రోజుల తరబడి చంపుతుంది. అక్కడ ఒకే రాత్రి అన్ని జాతులూ పోయినయి. మూడు రోజులు ఎండ లేదు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి వచ్చాయని కావలి ముసలాయన చెప్పాడు. అది ఆక్సిజన్ అందక ఊపిరాడని చావు. బతికి ఉన్నవాటికి కావలసింది గాలి, కొత్త నీళ్లు. ఆ పూటే మోటారు పెట్టి నీళ్లను చెరువులోకే పైనుంచి చిమ్మించాం. పొట్లాలు తిరిగి ఇయ్యబోతే షాపాయన తీసుకోలేదు.

నిజంగా రోగమే అనిపిస్తే కుళ్లిన చేపను పట్టుకుపోయి లాభం లేదు. కొన ఊపిరితో ఉన్నవాటిని మంచులో పెట్టి పంపాలి. వనపర్తి జిల్లా పెబ్బేరులో 2017లో పెట్టిన మత్స్య కళాశాల ఉన్నది, ఖమ్మం జిల్లా పాలేరులో పరిశోధన కేంద్రం ఉన్నది. రామన్నపేట నుంచి రెండూ దూరమే. జిల్లాకొక పరీక్షా గది పెట్టి, మంచుపెట్టెతో ఒక మనిషిని చెరువు దగ్గరికి పంపమని సంఘం తరఫున అర్జీ రాశాం. దాని మీద నలభై మూడు వేలిముద్రలు, సంతకాలు ఉన్నాయి. మత్స్యశాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం.